మన్రో దొర ఇచ్చిన పింగాణీ అంట, అడుగున ముద్రలు చూసి ఏ కాలందో చెప్తారా?

ప్రొద్దుటూరు_మిద్దె
అందరికీ నమస్తే. పాత మిద్దె పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తుంటే మా జేజి టేకు పెట్టె దొరికింది. పాత పంచె గుడ్డల్లో చుట్టిన పింగాణీ సామాను, మొత్తం పంతొమ్మిది. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న కథ ఏందంటే, మన్రో దొర దత్తమండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు మా వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మెచ్చుకుని ఈ పళ్లాలు ఇచ్చిపోయినాడని. సాక్ష్యం కూడా ఉంది. నాలుగు తెల్ల పళ్లాల అంచు మీద ఒకదానిలో ఒకటి అల్లుకున్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి, అరిగిపోయాయి గానీ మొదటిది "ఎం" అని బాగా తెలుస్తోంది. ఎం అంటే మన్రో. మా బావ మ్యూజియంకి ఇద్దామంటాడు, చిన్నాయన బెంగళూరులో లక్షలొస్తాయంటాడు, పాత సామాన్లు కొనే ఆయనొకరు వచ్చి అన్నిటికీ కలిపి మూడు వేలు అన్నాడు. ముగ్గురి మధ్య నాకు టెన్షన్.

మిగతావి ఇవి: నీలం బొమ్మల పళ్లాలు ఐదు (చైనా బొమ్మలు), పూల అంచు పళ్లాలు రెండు, పల్చటి కప్పులు మూడు, చిన్న గిన్నెలు రెండు, మూత ఉన్న నీలం జాడీ ఒకటి, ఏ ముద్రా లేని పళ్లెం ఒకటి, ముద్ర లేని సాసరు ఒకటి. ఫోటోలు పెట్టా, చూడండి.

నల్లబండ_కడప
మజ్జిగకి పంతొమ్మిది పళ్లాలా? అన్నం పెట్టుంటే కలెక్టరు కచేరీ రాసిచ్చేవాడేమో అన్నా.

కప్పుసాసరు_అనంతపురం
ఫోటోలన్నీ పైనుంచి తీశారు సార్, పింగాణీకి జాతకం అడుగునుంటుంది. తిప్పి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసి పెట్టండి. ముందు మెత్తని గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో తడిపి తుడవండి, చింతపండు, విమ్, బ్లీచింగ్ ఇవేవీ వద్దు. గ్లేజు (పైన గాజులా మెరిసే పూత) మీద వేసిన బంగారు గీతలు చింతపండు పెట్టి తోమితే మళ్లీ రావు. మా అత్తగారు దీపావళికి నా కళ్లముందే నాలుగు కప్పుల అంచులు అలా తోమి తెల్లగా చేశారు, ఏమంటాం.

ప్రొద్దుటూరు_మిద్దె
ఇదిగో అక్కా, అడుగులన్నీ తీశా. పూల పళ్లాల కింద కిరీటం, దాని కింద "రాయల్ సెమీ పోర్సిలెయిన్, జాన్సన్ బ్రదర్స్, ఇంగ్లండ్" అని ఆకుపచ్చ రంగులో ఉంది. పక్కన "ఆర్‌డీ నంబర్" అని ఆరంకెలు, 354తో మొదలవుతుంది. రాయల్ అని ఉంది కాబట్టి రాజుగారి ఇంటివి అని చిన్నాయన.

కప్పుసాసరు_అనంతపురం
సరే, ఒక్కొక్కటి చూద్దాం, కొంచెం పొడుగవుతుంది.

"రాయల్" అన్న మాటకి విలువ కట్టకండి. కిరీటం, సింహం, గుర్రం ఇవన్నీ అప్పట్లో ఫ్యాక్టరీలు ధారాళంగా వాడేసుకున్నాయి. మీకు పనికొచ్చేది "ఇంగ్లండ్" అన్న మాట. 1890లో అమెరికా ఒక సుంకం చట్టం తెచ్చింది, మెకిన్లీ చట్టం అంటారు. 1891 నుంచి తమ దేశానికి వచ్చే సరుకు మీద ఏ దేశంలో చేశారో ఇంగ్లీషులో ఉండాలన్నారు. అమెరికాకో అచ్చు, మనకో అచ్చు ఎవరు వేస్తారు, చాలా ఫ్యాక్టరీలు అన్నిటి మీదా దేశం పేరు కొట్టేశాయి. అందుకే ఉట్టి "ఇంగ్లండ్" అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది, "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే ఇరవయ్యో శతాబ్దానిది అనుకోవచ్చు. పైగా జాన్సన్ బ్రదర్స్ మొదలైందే 1883లో. మన్రో ఇక్కడ కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 దాకా, పత్తికొండ దగ్గర కలరాతో పోయింది 1827లో. ఈ రెండు పళ్లాలు ఆయన చేతిలోంచి రావాలంటే ఆయన నూరేళ్లు దాటి బతకాలి.

ఆర్‌డీ నంబరు ఇంకా మేలు. బ్రిటన్‌లో డిజైన్ ఎవరూ కాపీ కొట్టకుండా రిజిస్టరు చేసేవాళ్లు, 1884 జనవరిలో ఒకటి నుంచి వరసగా నంబర్లు ఇచ్చారు. 1900 మొదట్లో ఆ వరస సుమారు 3,51,000 దగ్గర ఉంది, 1901 మొదట్లో 3,68,000. మీ 354 వేలు అంటే 1900లో రిజిస్టరైన పూల అంచు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. అది డిజైన్ పుట్టిన ఏడాది, పళ్లెం పుట్టిన ఏడాది కాదు. ఆ అంచుతో 1905లోనూ చేసుండొచ్చు, 1910లోనూ చేసుండొచ్చు. ముద్ర చెప్పేది "దీనికంటే ముందు కాదు" అని మాత్రమే.

బుధవారపేట_కర్నూలు
అక్కా ఈ మాట బాగా చెప్పారు. మా ఇంట్లో ఇట్లాంటి సామానుని చీనీ అంటాం, చైనా నుంచి వచ్చిందని కాదు, పింగాణీ అంతా మాకు చీనీనే. మా దాదీ పెళ్లిలో వచ్చిన పెద్ద పళ్లెం ఒకటుంది, బిర్యానీ వడ్డించేది. దాని కింద పేరు లేదు గానీ పతంగి ఆకారంలో ఒక గుర్తు, నాలుగు మూలలా ఏవో అక్షరాలు, అంకెలు. నెత్తిన చిన్న సున్నాలో రోమన్ నాలుగు. అదేమన్నా చెప్తుందా?

కప్పుసాసరు_అనంతపురం
చెప్తుంది భాయ్, దాని అంత వివరంగా ఏదీ చెప్పదు. ఆర్‌డీ నంబర్ల కంటే ముందు, 1842 నుంచి 1883 దాకా వాడిన రిజిస్ట్రేషన్ గుర్తు అది. రోమన్ నాలుగు అంటే మట్టి సామాను, పింగాణీ వర్గం. ఆ సున్నా కిందనే, పై మూలలో ఏముందో చూడండి. అక్షరం ఉంటే 1842-67 మధ్యది, ఆ అక్షరమే ఏడాది. అంకె ఉంటే 1868-83 మధ్యది, అప్పుడు ఏడాది అక్షరం కుడి మూలలో ఉంటుంది.

బుధవారపేట_కర్నూలు
పైన అంకె 7. కుడివైపు "జె".

కప్పుసాసరు_అనంతపురం
1880. అదే "జె" పై మూలలో ఉండుంటే 1854 అయ్యేది. ఒక్క అక్షరం చోటు మారితే ఇరవయ్యారేళ్లు తేడా. ఇక్కడ కూడా అది డిజైన్ రిజిస్టరైన ఏడాదే, కాకపోతే మీ దాదీ పెళ్లి కంటే చాలా ముందుది, అప్పటికే వాళ్లింట్లో పాతదై ఉంటుంది. ఇంకా వాడుతున్నారా?

బుధవారపేట_కర్నూలు
ఈద్‌కి మాత్రమే అక్కా. ఇంక అదీ ఆపుతా.

ప్రొద్దుటూరు_మిద్దె
మా నీలం పళ్లాల సంగతి? వంతెన, ఇల్లు, పైన రెండు పిట్టలు, వేలాడే కొమ్మల చెట్టు. ఇవన్నా చైనావేనా? పురాతనంగా ఉన్నాయి చూడ్డానికి. కింద ఏదో కంపెనీ ముద్ర, సగం చెదిరింది, చివర "అండ్ సన్స్", దాని కింద "ట్రేడ్ మార్క్". ఇంగ్లండ్ అని లేదు!!

కప్పుసాసరు_అనంతపురం
వంతెన మీద మనుషుల్ని లెక్కపెట్టండి, ముగ్గురుంటారు.

ప్రొద్దుటూరు_మిద్దె
ముగ్గురే. ఎట్లా తెలుసు?

కప్పుసాసరు_అనంతపురం
ఎందుకంటే ఇది ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అచ్చేసిన బొమ్మల్లో ఒకటి, విల్లో ప్యాటర్న్ అంటారు. చైనా సామాను చూసి ఇంగ్లీషువాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర అల్లుకున్న బొమ్మ ఇది. ఆ తర్వాత వందల ఫ్యాక్టరీలు వేశాయి. ప్రేమికులిద్దరు పారిపోయి పిట్టలయ్యారని చెప్పే కథ కూడా చైనాది కాదు, సరుకు అమ్ముకోడానికి ఇంగ్లండ్‌లోనే పుట్టింది. మన్రో దొర మజ్జిగ కథ లాంటిదే అనుకోండి.

అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. ఎక్కడో ఒకచోట డిజైన్ కలవకుండా అతుకు కనిపిస్తుంది. రాగి పలక మీద చెక్కిన బొమ్మని పల్చటి కాగితం మీదికి తీసి, ఆ కాగితాన్ని పళ్లెం మీద అద్దేవాళ్లు, అంచు పట్టీ చుట్టూ తిరిగొచ్చేసరికి కొసలు సరిపోవు. చేత్తో గీసింది కాదనడానికి ఆ అతుకు చాలు. వెనక మూడు చోట్ల చిన్న గరుకు చుక్కలు కూడా ఉండాలి, బట్టీలో పళ్లాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టిన ముక్కాలి మచ్చలు.

కాలం విషయానికొస్తే, ఇంగ్లండ్ అని లేదు కాబట్టి 1891కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఖాయం అనను, ఆ చట్టం అమెరికా సరుకుకే కదా. "ట్రేడ్ మార్క్" అన్న మాట ఉంది కాబట్టి 1862 కంటే ముందు కాదు, బ్రిటన్‌లో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిన 1875 తర్వాతే ఆ మాట బాగా వాడకంలోకొచ్చింది. కాబట్టి 1875-91 మధ్య అని నా అంచనా. మీ పెట్టెలో అన్నిటికంటే పాతవి ఇవే అనుకుంటున్నా, కానీ మన్రో ఇంకా దొరకలేదు.

నల్లబండ_కడప
దొర మెల్లగా ప్రొద్దుటూరు పొలిమేర దాటి పోతున్నాడు.

ప్రొద్దుటూరు_మిద్దె
నవ్వు నవ్వు. కప్పుల కింద కిరీటం మీద నిలబడిన సింహం, "రాయల్ డౌల్టన్, ఇంగ్లండ్". పక్కన చిన్నగా 8. గిన్నెల కింద "నిప్పాన్" అని ఉంది, చేత్తో వేసిన గులాబీలు.

కప్పుసాసరు_అనంతపురం
ఇవి సులువు. ఆ సింహం, కిరీటం ముద్ర 1902 నుంచి వాడారు. 1928 నుంచి పక్కన ఒక అంకె వేసేవాళ్లు, దానికి 1927 కలిపితే తయారైన ఏడాది. 8 అంటే 1935. ఫోన్ టార్చి వెనక పెట్టి, మధ్యలో వేళ్లు అడ్డం పెట్టి ముందు నుంచి చూడండి, వేళ్ల నీడ కనిపిస్తే బోన్ చైనా అయ్యుంటుంది. కాల్చిన ఎముకల బూడిద సగం దాకా కలుస్తుంది అందులో (మీ ఇంట్లో పూజ గది దగ్గర పెట్టుంటే ఈ మాట జేజికి చెప్పకండి). నీలం పళ్లాల వెనక టార్చి పెడితే నీడ రాదు, అవి అసలు పింగాణీయే కాదు, తెల్ల మట్టి మీద గ్లేజు. పూల పళ్లాలూ అంతే, "సెమీ పోర్సిలెయిన్" అంటే అదే, పేరులోనే సగం ఒప్పుకున్నారు.

నిప్పాన్ అంటే జపానే. 1891 నుంచి జపాన్ వాళ్లు అలా రాసేవాళ్లు, 1921లో అమెరికా కస్టమ్స్ వాళ్లు ఆ మాట కుదరదు, జపాన్ అనే రాయాలన్నారు. కాబట్టి 1891-1921. కానీ నిప్పాన్ ముద్రకి ఈ మధ్య నకిలీలు చాలా వచ్చాయి. మీవి పెట్టెలో దశాబ్దాలు పడుకున్నవి కాబట్టి నాకు అనుమానం లేదు.

తాడిపత్రి_కుర్రోడు
నకిలీ అంటే గుర్తొచ్చింది. రెండు కత్తులు అడ్డంగా పెట్టిన నీలం గుర్తు ఉందని, జర్మనీలోని మైసెన్ పింగాణీ ఫ్యాక్టరీది అని నమ్మి బెంగళూరులో ఒక షాపులో పన్నెండు వేలు పెట్టి బొమ్మ కొన్నా. ఇంటికొచ్చి గోరుతో తడిమితే గుర్తు చేతికి తగులుతోంది. గోళ్ల రంగు తీసే ద్రవంలో దూది ముంచి రుద్దితే కత్తులు దూదికి వచ్చేశాయి. తిరిగి పోతే షాపాయన "మీరే చెరిపారు" అన్నాడు.

కప్పుసాసరు_అనంతపురం
పాపం. అసలుది గ్లేజు కింద ఉంటుంది, చేతికి తగలదు, రాదు. ఆ కత్తుల గుర్తుని పందొమ్మిదో శతాబ్దంలోనే ఎంతమంది కొట్టారో లెక్క లేదు. ముద్రని చివర చూడాలి, ముందు మట్టి, బరువు, అడుగు అంచు, బొమ్మ గీసిన చెయ్యి చూడాలి. ముద్ర అన్నిటికంటే తేలిగ్గా కాపీ కొట్టగలిగేది.

మిద్దె గారూ, దీనికి మీ నీలం జాడీనే ఉదాహరణ. అడుగున రెండు వలయాల మధ్య నాలుగు చైనా అక్షరాలున్నాయి, కుడి వరస ముందు పైనుంచి కిందికి చదవాలి, "కాంగ్‌షీ నియెన్ జీ", కాంగ్‌షీ కాలంలో చేసింది అని. ఆ చక్రవర్తి పాలించింది 1662-1722. ఎగిరి గంతెయ్యకండి. పగిలిన మంచు లాంటి నీలం మీద తెల్ల పూలున్న ఈ రకం జాడీలు పందొమ్మిదో శతాబ్దం చివర కుప్పలుగా చేశారు, పాత చక్రవర్తి మీద గౌరవంతో ఆయన పేరు రాసేవాళ్లు. మోసం అనుకోలేదు వాళ్లు. పాకంలో వేసిన అల్లం నింపి అమ్మిన జాడీలు ఇవి, అందుకే వీటికి అల్లం జాడీలనే పేరు.

ప్రొద్దుటూరు_మిద్దె
అక్కా మా జేజి అందులో పెట్టుకున్నది ఏందో తెలుసా, సొంటి! మూత తీస్తే ఇప్పటికీ వాసనొస్తోంది. మేం నిమ్మకాయ ఊరగాయ పెడదామనుకుంటున్నాం.

కప్పుసాసరు_అనంతపురం
వద్దు! పులుపు తగిలితే పాత గ్లేజుల్లోంచి, రంగుల్లోంచి సీసం దిగొచ్చు. ఊరగాయకి మామూలు జాడీ ఉంది కదా. సొంటే ఉంచండి.

ప్రొద్దుటూరు_మిద్దె
సరే. ముద్ర లేని పళ్లెం అంచు పెచ్చు ఊడింది, లోపల నల్లగా ఉంది. అది ఇంకా పాతదా?

నల్లబండ_కడప
అన్నా ఫ్రిజ్ మీద అయస్కాంతం ఉంటే ఆ పళ్లేనికి అంటించి చూడు.

ప్రొద్దుటూరు_మిద్దె
...అంటుకుంది.

నల్లబండ_కడప
ఇనప రేకు మీద ఎనామిల్. మన దగ్గర దాన్ని కూడా పింగాణీ పళ్లెమే అంటారు. మా నాయన హాస్టల్లో తిన్నది అందులోనే. ఈ మొత్తం చర్చలో నాకు తెలిసిన విషయం ఇదొక్కటే, చెప్పేశా, సంతోషం.

గుంతకల్లు_జంక్షన్
ఇప్పుడే చూశా ఈ చర్చ. మిద్దె గారూ, ఆ "ఎం" అక్షరం ఉన్న పళ్లెం దగ్గరగా ఫోటో తీయండి. మిగతా అక్షరాలు నాకు కనపడుతున్నట్టే ఉన్నాయి గానీ తొందరపడి చెప్పను.

ప్రొద్దుటూరు_మిద్దె
తీశా. పిండి చల్లి తుడిస్తే కొంచెం తేలింది.

గుంతకల్లు_జంక్షన్
ఎం, ఎస్, మళ్లీ ఎం, చివర ఆర్. మద్రాస్ అండ్ సదరన్ మహరాటా రైల్వే. మా నాయన, తాత ఇద్దరూ గుంతకల్లు రైల్వేలోనే, మా ఇంట్లో ఇదే అల్లిక ఉన్న ఇత్తడి బిళ్ల ఒకటుంది. ఆ కంపెనీ 1908లో మద్రాస్ రైల్వే, సదరన్ మహరాటా కలిసి ఏర్పడింది, 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది. కాబట్టి ముద్ర ఏదున్నా లేకపోయినా మీ నాలుగు పళ్లాలు 1908-51 మధ్యవే. స్టేషన్ రిఫ్రెష్‌మెంట్ రూముల్లో దొరలకి వడ్డించినవి. అందుకే అంత మందం, అంత బరువు, రోజుకు పదిసార్లు కడిగినా పగలకూడదని.

నల్లబండ_కడప
ఎం అంటే మన్రో కాదు, మెయిల్ బండి.

కప్పుసాసరు_అనంతపురం
వందనం గుంతకల్లు అన్నా. పుస్తకం చూసి నేను చెప్పలేనిది ఇది. సంస్థల పేర్లున్న పళ్లాలకి ఆ సంస్థ పుట్టిన ఏడాది, పోయిన ఏడాది తెలిస్తే చాలు, ఫ్యాక్టరీ ముద్ర కంటే గట్టి సాక్ష్యం. అడ్డంగా అరిగిన గీతలు చూశారా మధ్యలో, కత్తి, ఫోర్కుతో తిన్న గుర్తులు. మన ఇళ్లలో చేత్తో తిన్న పళ్లేనికి అవి ఉండవు.

ఊరికే_చదువుతా
నేనెప్పుడూ రాయను గానీ ఒక్క మాట. చిన్నాయన గారు ఆన్‌లైన్‌లో విదేశాలకి అమ్మేద్దాం అనుకోకుండా చూసుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాకృతుల్ని, చేతిపని వస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మన దేశంలో వాటి వ్యాపారం చెయ్యాలన్నా లైసెన్సు కావాలి. ఇంట్లో పెట్టుకోడానికి అడ్డేం లేదు.

ప్రొద్దుటూరు_మిద్దె
రెండు రోజులు కనపడలేదు, క్షమించండి. గుత్తిలో మా పెద్దత్త ఉంది, ఎనభై ఆరేళ్లు, ఆమె దగ్గరికి నాలుగు పళ్లాలూ, ఆ సాసరూ పట్టుకుపోయా. పళ్లెం చూస్తూనే "ఇది గుంతకల్లుది కదరా" అనింది. మా జేజబ్బ పెళ్లికి ముందు ఆరేడేళ్లు గుంతకల్లు స్టేషన్ రిఫ్రెష్‌మెంట్ రూములో వంటింట్లో పనిచేశాడంట. ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు, దొరల ఎంగిలి పళ్లాలు కడిగినాడని జేజి వైపు వాళ్లు ఎద్దేవా చేసేవాళ్లంట, అప్పట్నుంచి మన్రో దొర వచ్చి చేరాడు. మరి పళ్లాలు ఇచ్చారా, కొన్నాడా అనడిగితే "తెచ్చినాడు" అనింది. మళ్లీ అడిగితే "తెచ్చినాడు అంటే తెచ్చినాడు" అనింది.

సాసరు సంగతి ఇంకోటి. వెనక మూడు ఇత్తడి కుట్లున్నాయి, ఫోటోలో సరిగ్గా పడలేదు. రెండు ముక్కలైతే సన్న బెజ్జాలు వేసి తీగతో కుట్టించారు. జేజి కాఫీ అందులోనే పోసుకుని తాగేదంట.

గుంతకల్లు_జంక్షన్
రైల్వేకి తిరిగి ఇచ్చే పని లేదు లెండి, ఆ కంపెనీ పోయి డెబ్బై ఏళ్లు దాటింది.

కప్పుసాసరు_అనంతపురం
ఆ సాసరుకి నేను కాలం కట్టను. వేడి నీళ్లలో మాత్రం నానబెట్టకండి, కుట్ల దగ్గర వదులవుతుంది. అమ్మకానికైతే కుట్లున్నది సగం ధర కూడా పలకదు, నాకిస్తే మాత్రం ఈ పంతొమ్మిదిలో దాన్నే తీసుకుంటా.

ప్రొద్దుటూరు_మిద్దె
సాసరు ఇవ్వను అక్కా, అది నేనే ఉంచుకున్నా. మూడు వేలాయన మళ్లీ ఫోన్ చేసి ఐదన్నాడు, వద్దన్నా. బావకి, చిన్నాయనకి, నాకు తలా ఒక రైలు పళ్లెం. నాలుగోది పెద్దత్త దగ్గరే వదిలేసి వచ్చా, దాన్ని ఒడిలో పెట్టుకుని అంచు మీద వేలు తిప్పుతా కూర్చుంది, అడగబుద్ధి కాలేదు. ఇదంతా చిన్నాయనకి ఫోన్‌లో చదివి వినిపిస్తే మొత్తం విని, "సరే, మన్రో రైల్లో వచ్చినాడేమో" అన్నాడు.